అరపూట ప్రాక్టీసు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు ఇది జరిగింది. మా ఊళ్ళో ఏ సంగతైనా వరదకి ముందా, వరదకి తర్వాతా అనే లెక్క. ఆ నీళ్ళు మున్సిపాలిటీ ఫుట్‌బాల్ గ్రౌండులో నడుం లోతున నిలబడి, తీసినప్పుడు వేలెడు మందాన బురద వదిలిపోయాయి. ఆ బురద మీదే మా అన్న మళ్ళీ గడ్డి పట్టించాడు. పట్టని చోటల్లా బొటనవేలితో గుంట చేసి ఒక్కొక్క దుబ్బూ పాతాడు. పంపు పని నాది, రోలరు లాగడం నాది. మిగతాదంతా ఆయనే.

చెక్క గ్యాలరీ మెట్ల కింద ఒక గది ఉండేది. పెళ్ళైనప్పటి నుంచి అన్నా వదినా అందులోనే. పైన జనం కాళ్ళు దడదడలాడిస్తే కింద వదిన గిన్నెల మీద మూతలు వేసుకునేది, దుమ్ము రాలకుండా. గోలు పడిందో లేదో ఆవిడకి మెట్ల చప్పుడు బట్టే తెలిసేది. పిల్లల్లేరు. వేరే ఇల్లు లేదు. ఆ గది పోతే వాళ్ళకి ఇంకేమీ లేదు.

ఆ ఏడు మా దేశంలో ప్రపంచ పోటీలు పెట్టారు. మ్యాచీలు మా ఊళ్ళో కాదు, పక్కనున్న పెద్ద ఊళ్ళో. దానికోసం అక్కడ కొత్త స్టేడియం కట్టారు. మా ఊరికి దక్కిందల్లా, పై దేశం జట్టు ఒకటి వచ్చి మా గ్రౌండులో ప్రాక్టీసు చేసుకుంటుందని. ఆ మాత్రానికే ఊరు ఒళ్ళు మరిచిపోయింది. గోడలకి రంగులు కొట్టారు. మురిక్కాలవ మీద బల్లలు పరిచి పూలకుండీలు పెట్టారు. కుండీల సందుల్లోంచి కంపు వస్తూనే ఉండేది.

పోటీల సంఘం తరఫున ఒకాయన వచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కోటు విప్పేవాడు కాదు. వదిన ఆయనకి కోటుబాబు అని పేరు పెట్టింది. మాట మాత్రం వెన్నపూస.

"పెద్దాయనా, ఈ గడ్డి తీసేస్తాం," అన్నాడు మొదటి రోజే.

"తీసేసి?" అన్నాడు అన్న.

"కొత్తది తెస్తాం. చాపల్లా చుట్టి లారీల్లో వస్తుంది. పరవడమే. అన్ని గ్రౌండుల్లోనూ ఒకే గడ్డి ఉండాలని పై సంఘం రూలు."

"మరి మేమో?"

"మీరెక్కడికి పోతారు? పోటీలయ్యాక ఇంత మంచి గ్రౌండు ఎవరు చూసుకుంటారు, నేనా?" అని అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "గదీ మీదే, గ్రౌండూ మీదే."

చెయ్యి పడ్డ భుజాన్ని అన్న రెండు రోజులు నిమురుకుంటూ తిరిగాడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

"నోటిమాటేనా?" అంది వదిన.

"పెద్దమనిషి నోటిమాటే."

"ఆ నోట్లో పళ్ళు కూడా ఉంటాయి. చూసుకున్నావా?"

యంత్రం వచ్చి గడ్డిని తోలు ఒలిచినట్టు ఒలిచేసింది. ఒలిచిందంతా గోడవతల కుప్ప పోశారు. నాలుగు రోజులకి అది కుళ్ళి, వేడెక్కి, ఆవిర్లు కక్కింది. ఆ వాసన గదిలోకొచ్చింది, తాగే నీళ్ళలోకి కూడా ఎక్కింది. అన్న ఆ వైపు తలుపు మూసుకున్నాడు.

కొత్త గడ్డి మంచిదే. అబద్ధం ఎందుకు. అంత సమంగా ఉన్న గడ్డి నేను పుట్టాక చూడలేదు. దాన్ని పరిపించినాయన్ని గడ్డి డాక్టరు అనేవాళ్ళం. పని తెలిసినవాడు, మర్యాదస్తుడు కూడా. కానీ ఆయన నెత్తిన ఇంకా చాలా ఊళ్ళ గ్రౌండులున్నాయి. పొద్దున్న ఇక్కడుంటే మధ్యాహ్నం ఇంకెక్కడో.

గడ్డి పడ్డ రోజు నుంచి గేటుకి తాళం. ఆదివారం వచ్చే హమాలీల జట్టుకి లేదన్నారు. బడిపిల్లలకి లేదన్నారు. తర్వాత ఇద్దరు మనుషులు నల్ల టేపు చుట్టలు పట్టుకుని వచ్చారు. పోటీలకి డబ్బిచ్చిన కంపెనీల పేర్లు తప్ప లోపల ఇంకే కంపెనీ పేరూ కనపడకూడదట. పంపు మీద టేపు వేశారు. రోలరు మీద వేశారు. చేతులు కడుక్కునే తొట్టి మీద, చీపురు కర్ర మీద, వదిన స్టవ్వు మీద వేశారు. వదిన నుదురు చూపించి, "నేను మా అమ్మ కంపెనీ సరుకు నాయనా, ఇక్కడ కూడా ఓ ముక్క అంటించు," అంది. వాళ్ళలో ఒకడు నవ్వాడు. రెండోవాడు నిజంగానే ఒక్క క్షణం ఆలోచించాడు.

గేటు ముందుండే టీ కొట్టుని వీధి చివరికి గెంటేశారు. దాని రేకు మీద వేరే కూల్‌డ్రింకు బొమ్మ ఉందని. సాయంత్రం అక్కడ ఈల మాస్టారు కూర్చునేవాడు. ఒకప్పుడు రిఫరీ. మోకాళ్ళు పోయాయి గానీ ఈల ఇంకా మెళ్ళోనే ఉంటుంది. అన్నకి చిన్ననాటి స్నేహితుడు. ఈ పోటీల సంగతులన్నీ పేపర్లు చదివి చదివి నోటికి పట్టాడు.

"మొట్టమొదటి కప్పుకి పదమూడే దేశాలు వెళ్ళాయిరా," అన్నాడు అన్నతో. "దూరం వాళ్ళు ఓడెక్కి వెళ్ళారు. ఓడ మీదే పరుగులు తీసి ఒళ్ళు వంచుకున్నారు. ఒక్క ఊళ్ళోనే మొత్తం ఆడేసి ఇంటికి పోయారు. ఎవడి గడ్డీ ఎవడూ పీకలేదు."

"కాలం మారింది కదరా," అన్నాడు అన్న.

"కాలం ఒక్కటే మారిందా? టీవీ డబ్బు పై సంఘానికి, కంపెనీల డబ్బు పై సంఘానికి. స్టేడియం, రోడ్లు, పోలీసులు, కరెంటు మన నెత్తిన. వాళ్ళ రాబడి మీద పన్ను వెయ్యబోమని మనచేత ముందే సంతకం పెట్టించుకుంటారు. ఒక చలిదేశంలో పెద్ద ఆటలు పెడితే, అయిపోయాక ముప్పై ఏళ్ళదాకా ఆ ఊరి అప్పు తీరలేదు. సిగరెట్టు మీద పన్నేసి తీర్చారు. ఆ ఆటలు చూసినవాళ్ళ పిల్లలు కూడా దగ్గుతూ కట్టారు."

వదిన గ్లాసు ముందుకి చాపింది. "మనవాళ్ళు టీ మీద వేస్తారేమో. ఇంకో గ్లాసు పొయ్యి నాయనా, ఇప్పుడే తాగేస్తాను."

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. "నీకు అన్నింట్లో పురుగే కనపడుతుందిరా," అన్నాడు మాస్టారుతో. "పోటీలయ్యాక చూడు. ఆ గడ్డి మీద మన హమాలీలు ఆడతారు. నేనే గీతలు గీస్తాను."

గీతలంటే అన్నకి ప్రాణం. రెండు మేకులు, తాడు, అడుగున చిల్లులు కొట్టిన డబ్బా, సున్నం. ఆయన గీసిన గీత పక్కన తాడు పరిస్తే తాడే వంకరగా కనపడేది. కొత్త గడ్డి మీద మాత్రం డాక్టరు బండితో తెల్ల రంగు వేయించేవాడు. అన్న చేతులు కట్టుకుని చూసేవాడు.

పై దేశం జట్టు వచ్చేది రేపనగా పొద్దున డాక్టరు రంగు వేయించి వెళ్ళిపోయాడు. రంగు ఆరకముందే మధ్యాహ్నం వాన కొట్టింది. గీతలన్నీ పాలు ఒలికినట్టు కారిపోయాయి. అన్న ఫోన్లు చేయించాడు. డాక్టరు దొరకలేదు. కోటుబాబు దొరికి, "ఏదో ఒకటి చెయ్యి పెద్దాయనా, నువ్వుండి ఎందుకు?" అని పెట్టేశాడు.

అన్న గదిలోంచి సున్నం బస్తా లాక్కొచ్చాడు. అది కొత్త బస్తా. మామూలుగా సున్నంలో సగానికి సగం సుద్దపొడి కలుపుతాం. ఆట రెండు రోజులుందనగా గీసి, నీళ్ళు చల్లి, దాని మంట చావనిస్తాం.

"సుద్ద కలపవా?" అన్నాను తాడు పట్టుకుని.

"కలిపితే మాసిన రంగొస్తుందిరా. దేశం కాని దేశం నుంచి వస్తున్నారు. వాళ్ళ ముందు మాసిన గీతలా? తెల్లగా కళ్ళకి కొట్టాలి."

చీకటి పడకముందే గీసేశాడు. నిజంగానే కళ్ళకి కొట్టాయి. వదిన మెట్ల మీద నిలబడి, "ఉతికి ఆరేసినట్టున్నాయి," అంది.

పొద్దున్నే అద్దాల బస్సు వచ్చింది. వెనక టీవీల వాళ్ళు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. ఆటగాళ్ళు చిన్నపిల్లల్లా అరుచుకుంటూ దిగారు. అన్న ఉతికిన చొక్కా వేసుకుని మూల జెండా దగ్గర నిలబడ్డాడు, పెళ్ళివారిని చూస్తున్నట్టు. బంతి కోసం గోల్‌కీపరు గీత మీదకి రెండుసార్లు దూకాడు, మూడుసార్లు దూకాడు. తర్వాత లేచి తొడ రుద్దుకున్నాడు. మోచెయ్యి రుద్దుకున్నాడు. కాసేపటికి కేకలు మొదలెట్టాడు. తడి గడ్డి మీద పచ్చి సున్నం, పైన చెమట. చర్మం ఎర్రగా కమిలి పొక్కులొచ్చాయి. ఇంకొకడు ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాడు. వాళ్ళ డాక్టరు సీసాలు సీసాలు నీళ్ళు గుమ్మరించాడు. అరపూట కూడా కాలేదు, అందరూ బస్సెక్కేశారు. మళ్ళీ ఆ గేటు తొక్కలేదు.

అన్న ఆ మూల జెండా కర్ర వదల్లేదు. నేను వెళ్ళి వేళ్ళు విడదీయాల్సొచ్చింది.

"ఎవడు చేశాడిది?" అని కోటుబాబు అరుస్తున్నాడు.

"నేనేనండీ," అన్నాడు అన్న. "తెల్లగా ఉండాలని..."

తిట్టాడు. ఆ తిట్లు నేను రాయను. తప్పు అన్నదే, ఇంకెవరిదీ కాదు. అక్కడితో ఆగి ఉంటే నేనూ తలవంచుకునేవాణ్ణి. కానీ ఫోను మాట్లాడి వచ్చాక ఆయన మొహం మారింది. మమ్మల్నిద్దర్నీ బట్టలు మార్చుకునే గదిలోకి పిలిచి తలుపు వేశాడు. అక్కడ కుర్చీల మీద కూడా నల్ల టేపే. మాట మళ్ళీ వెన్నపూస అయింది.

"పెద్దాయనా, వచ్చే ఆటలకి మన ఊరు కూడా దరఖాస్తు పెట్టింది. ఇక్కడ పెద్ద స్టేడియం వస్తుంది. మన మనిషే ఇలా చేశాడని పైవాళ్ళకి తెలిస్తే దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. అదే బయటివాడెవడో తాగి గోడ దూకి చేశాడనుకో, మన తప్పేముంది?"

"ఎవరండీ ఆ బయటివాడు?"

"నువ్వే."

అన్నకి అర్థం కాలేదు. "నేను ఇక్కడివాణ్ణే కదండీ."

"కెమెరా ముందు ఒక్క నిమిషం. ఈ గ్రౌండుతో నాకు సంబంధం లేదు, తాగి ఉన్నాను, క్షమించండి. అంతే. పోలీసులు నిన్ను ముట్టుకోరు, ఆ పూచీ నాది."

"అప్పుడు మా గది?"

"గది గదే. లేదు, నిజమే చెప్తానంటావా, అప్పుడు విచారణ. ఉద్యోగం పోయాక గది ఎలాగుంటుంది చెప్పు?"

"అన్నా, వద్దు," అన్నాను.

"నువ్వూరుకోరా. నీకు ఇల్లుంది," అన్నాడు అన్న.

అన్నని గోడ పక్కన నిలబెట్టారు. అంతకుముందు గ్యాలరీ ముందు కంపెనీల బొమ్మలున్న తెర ఉంటే దాన్ని చుట్టేసి మరీ పక్కకి పెట్టారు, తాగుబోతు వెనక ఆ పేర్లు పడకూడదని. కెమెరా అతను గోడ ఎత్తు చూశాడు, అన్న వాచిన మోకాలు చూశాడు.

"ఈయనా దూకింది?"

"తాగితే దూకుతారు. నువ్వు తియ్యి," అన్నాడు కోటుబాబు.

ఎక్కడ దూకావో చూపించమన్నారు. అన్న చెయ్యెత్తి చూపించాడు. చొక్కా మరీ శుభ్రంగా ఉందన్నారు. అన్నే రెండు గుండీలు ఊడదీసుకున్నాడు. జన్మలో చుక్క ముట్టనివాడు, నోరు తడబడాలేమోనని తనంతట తనే నాలుక మడతేసి మాట్లాడాడు. "నాకూ ఈ గ్రౌండుకీ ఏ సంబంధమూ లేదండీ," అన్నాడు. చేతులు జోడించాడు. నేను మొహం తిప్పేసుకున్నాను. వాళ్ళని చూసి కాదు. నాలుక మడతేసిన మా అన్నని చూసి.

వదిన గది గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

అన్న మాత్రం తేలికపడ్డాడు. "నాలుగు ముక్కలన్నాను, గది మిగిలింది. ఏం పోయిందిరా?" అన్నాడు. పద, ఈల మాస్టారికి మనమే చెబుదాం, టీవీలో చూసి కంగారుపడతాడు అని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. మేం వెళ్ళేసరికే కొట్లో టీవీలో అన్న మొహం తిరుగుతోంది. మాటిమాటికీ అదే ముక్క. హమాలీలు పగలబడి నవ్వుతున్నారు.

"ఏం బాబాయ్, ఏ సరుకది? గోడలు కూడా దూకిస్తోంది!"

"మాకూ ఓ గ్లాసు దాచాల్సింది కదా!"

అన్న వాళ్ళతోపాటు నవ్వాడు. బొటనవేలు నోటికి పెట్టి తూలినట్టు రెండడుగులు కూడా వేసి చూపించాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈల మాస్టారు టీ కింద పెట్టేశాడు.

"సిగ్గులేదుట్రా నీకు?"

"గది పోయేదిరా."

"ఉందా మరి?"

"మాటిచ్చాడు."

మాస్టారు లేచి కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

మేం తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. గేటు దగ్గర కొత్త కాపలావాడు ఉన్నాడు. ఏదో సెక్యూరిటీ కంపెనీ మనిషి, ఈ ఊరివాడు కాదు. అన్నని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఎక్కడికి?"

"మా ఇంటికి. లోపలే."

వాడు గేటు పక్కనున్న తన కాపలా గూడు తలుపు మీద అంటించిన ఫోటో చూశాడు, అన్న మొహం చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. టీవీలోంచి తీసిన బొమ్మ. రెండు గుండీలు ఊడి, చేతులు జోడించి. "గోడ దూకినోడివి నువ్వేగా తాతా? నిన్ను రానిస్తే నా ఉద్యోగం పోతుంది." వాడి తప్పేమీ లేదు. వాడికి చెప్పింది వాడు చేశాడు.

అప్పుడే కోటుబాబు కారు బయటికొచ్చింది. అన్న అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. అద్దం జానెడు దిగింది.

"బాబూ, వీడు నన్ను..."

"అర్థం చేసుకో పెద్దాయనా. సంబంధం లేదని లోకమంతా విన్నాక నువ్వు లోపల కనపడితే ఏమవుతుంది? నేను అబద్ధాలకోరునవుతాను. నువ్వు జైలుకెళ్తావు. నీ మంచికే చెప్తున్నాను."

"గది గదే అన్నారు కదండీ."

"గది ఎక్కడికీ పోలేదే. ఉంది కదా." తర్వాత నా వైపు చూశాడు. "నీ ఫోటో లేదులే. పంపు సంగతి నీకు తెలుసట కదా? రేపట్నుంచి నువ్వు రా. మీ అన్న జీతమే ఇస్తారు."

అద్దం పైకెళ్ళింది. కారులోంచి వచ్చిన సెంటు వాసన కాసేపు అక్కడే తిరిగింది. నేను ఉమ్మేశాను. అన్న చూసి, "తప్పురా, వింటాడు," అన్నాడు. ఛీ. అప్పుడు కూడా.

కాసేపటికి వదిన వచ్చింది, ఒక చేత్తో ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ, చంకలో స్టవ్వు. ఎవరూ పిలవలేదు. లోపల్నుంచే విన్నట్టుంది. కాపలావాడి ముందు ఆగింది.

"ఈ దొంగకి పెళ్ళాన్ని నేను. నా ఫోటో తీయలేదా?"

"అమ్మా, నాకేం తెలీదమ్మా," అన్నాడు వాడు. పెట్టె గడప దాటించడానికి ఓ చెయ్యి వేశాడు.

"ఏవయ్యా, చాపలు రెండూ లోపలే ఉన్నాయి," అంది అన్నతో. "వెళ్ళి తెచ్చుకో. గోడ దూకి."

అన్న నిజంగానే గోడ వైపు చూశాడు. చాపలు నేను వెళ్ళి తెచ్చాను. గది నున్నగా ఊడ్చి ఉంది. గోడకి ఉన్న మేకులు కూడా పీకేసింది ఆవిడ.

నాది ఒంటిగది ఇల్లు. పెట్టె ఓ మూల, స్టవ్వు ఓ మూల పెడితే ముగ్గురం మోకాళ్ళు ముడుచుకు కూర్చోవాలి. వదిన స్టవ్వు మీది టేపు గోటితో గీకుతూ కూర్చుంది. జిగురు వదల్లేదు. అన్న చాలాసేపు గుమ్మంలోంచి వీధి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పొద్దున్నే నువ్వెళ్ళరా. ఎండెక్కకముందే నీళ్ళు పెట్టు. గడ్డి వేళ్ళు ఇంకా లోపలికి దిగలేదు, ఒక్కరోజు తప్పితే చస్తుంది. గీతల దగ్గర సున్నం కడిగెయ్యి. పైపు దూరంగా పట్టుకో, మట్టి కోసుకుపోతుంది."

వదిన గీకడం ఆపింది. "ఏవయ్యా మరిదీ, వెళ్తావా?"

అన్న నా బదులు తనే చెప్పాడు. "వెళ్తాడు. వెళ్ళకేం? మన చేతుల్లోంచి పూర్తిగా పోకుండా ఉంటుంది. కొన్నాళ్ళు పోయాక బాబుగారికి కోపం తగ్గితే వీడే అడుగుతాడు గది సంగతి."

ఆయన కళ్ళు మెరిశాయి. ఇంకా ఆశే. కోటుబాబు మీద అసహ్యం నాకు ఆ పగలంతా కడుపు నిండా ఉంది. ఆ మెరుపు చూశాక వచ్చిన అసహ్యం వేరు. పడుకోమని చెప్పి నేను గోడ వైపు తిరిగాను.

పొద్దున్నే లేచాను. వాళ్ళిద్దరూ పడుకునే ఉన్నారు. మొహం కడుక్కుని, గ్రౌండు వీధి ఎదురుపడితే అందులోకి తిరగకుండా తిన్నగా బస్సు డిపోకి వెళ్ళి పని అడిగాను. బస్సులు కడిగేవాడు మానేశాడట, పైపు చేతికిచ్చారు. మొదటి బస్సు పక్క పొడుగునా ప్రపంచ పోటీల కాగితం బొమ్మ అంటించి ఉంది. దాని మీద చుక్క నీళ్ళు పడినా ఊరుకోనన్నాడు మేస్త్రీ. సరేనని చక్రాల దగ్గర మొదలుపెట్టాను.